మూడు స్టేట్ల ట్యాక్స్: సింధుకు ఉత్తరం

చి. సింధుకు,

పెదనాన్న ఆశీస్సులు. జూన్ ఆఖరుదాకా చికాగోలో ఉండి, జులై 1న జెర్సీ సిటీకి మారి, అక్కణ్ణుంచి మన్‌హటన్ ఆఫీసుకు వెళ్లావు కదా. అంటే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వానిది) కాక నీకు ఇంకో మూడు రిటర్నులు: చికాగో ఉన్న ఇల్లినాయ్, ఆఫీసున్న న్యూయార్క్, ఇప్పుడు ఇల్లున్న న్యూజెర్సీ. ముందు ఫెడరల్ లెక్క తేల్చు, పంపకుండా పక్కన పెట్టు. తర్వాత ఇల్లినాయ్, న్యూయార్క్. న్యూజెర్సీ జోలికి చివర్లోనే వెళ్లు, ఎందుకంటే న్యూయార్క్ అంకె తేలందే అది కదలదు.

డబ్ల్యూ-2లో, అంటే కంపెనీ ఇచ్చే ఏడాది జీతం ఫారంలో, 15 (స్టేట్), 16 (ఆ స్టేట్ జీతం), 17 (ఆ స్టేట్‌కి కోసిన ట్యాక్స్) బాక్సులు చూడు. ఫెడరల్ జీతం చూపే బాక్స్ 1లో 1,20,000 డాలర్లు ఉంటే, బాక్స్ 16లో ఇల్లినాయ్‌కి 60,000, న్యూయార్క్‌కి ఏకంగా 1,20,000, న్యూజెర్సీకి 60,000 పైచిలుకు కనిపిస్తాయి. కంగారు పడకు. న్యూయార్క్‌లో పనిచేసింది ఎన్ని నెలలైనా ఏడాది ఫెడరల్ జీతం మొత్తం ఆ బాక్సులో చూపాలని ఆ స్టేట్ నియమం. న్యూజెర్సీలో ఎక్కువెందుకంటే, జీతంలో ట్యాక్స్ లేకుండా కోసే హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం, హెచ్‌ఎస్‌ఏ (వైద్యం ఖర్చుల పొదుపు ఖాతా) వంటివాటికి ఆ స్టేట్ సాధారణంగా మినహాయింపు ఇవ్వదు. సరిపోల్చడానికి ఆ అంకెలు దిద్దకు.

అసలు తిప్పలు ఇక్కడే. ట్యాక్స్ సాఫ్ట్‌వేర్‌కి డబ్ల్యూ-2 ఇవ్వగానే 1,20,000 మొత్తాన్నీ న్యూయార్క్ సంపాదనగా మింగేస్తుంది. న్యూయార్క్‌లో నివాసం లేనివాళ్లు వేసే రిటర్ను ఐటీ-203లో రెండు కాలమ్‌లుంటాయి. ఫెడరల్ కాలమ్‌లో మొత్తం, న్యూయార్క్ కాలమ్‌లో అక్కడి పనికి వచ్చింది మాత్రమే ఉండాలి. జూన్ 30 నాటి పేస్లిప్‌లో ఆ రోజుదాకా వచ్చిన మొత్తం చూసి, ఏడాది జీతంలోంచి తీసెయ్యి, మిగిలింది న్యూయార్క్‌ది. మిగతా ఆరు నెలల్లో వేరే స్టేట్‌లో కూడా పనిచేసి ఉంటే దాంతో జతచేసే ఐటీ-203-బిలో పనిదినాల లెక్క చూపాలి. శనాదివారాలు, పండగ సెలవులు, సిక్ లీవు, వెకేషన్ ఆ లెక్కలోకి రావు. కానీ శుక్రవారాలు ఇంట్లోంచి చేసిన పని, కంపెనీ అవసరం కొద్దీ కాక నీ వీలు కోసమైతే, న్యూయార్క్ రోజు కిందికే వస్తుంది. హైదరాబాద్ వెళ్లి అక్కణ్ణుంచి లాగిన్ అయినా అంతే. అన్యాయంగా అనిపిస్తుంది, కానీ రూలు అదే.

సింగిల్‌గా వేస్తే ఆ 60,000 మీద న్యూయార్క్ ట్యాక్స్ సుమారు 3,100 తేలుతుంది. మొదట ఆ ఏడాది ఆదాయమంతటి మీదా ట్యాక్స్ లెక్కగట్టి, అందులో న్యూయార్క్ తన వాటా తీసుకుంటుంది కాబట్టి రేటు కాస్త ఎక్కువే పడుతుంది. అదే జీతం మీద న్యూజెర్సీకి సుమారు 1,800. వేరే స్టేట్‌కి కట్టిన ట్యాక్స్‌కి న్యూజెర్సీ తన ట్యాక్స్‌లో ఇచ్చే తగ్గింపు, అంటే ఎన్‌జే-సీఓజే షెడ్యూల్‌లో వచ్చే క్రెడిట్, ఈ రెంటిలో తక్కువది, అంటే 1,800. మిగతా 1,300 ఎవరూ ఇవ్వరు. ఆ షెడ్యూల్‌లో న్యూయార్క్‌కు కట్టిన ట్యాక్స్ అడిగినప్పుడు బాక్స్ 17లో కోసిన 3,600 వెయ్యకు, ఐటీ-203లో తేలిన 3,100 వెయ్యి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. న్యూజెర్సీ ఆ ఐటీ-203 కాపీ అడిగితే రెంటిలో అంకెలూ కలవాలి.

ఇండియాలో నీ ఎన్‌ఆర్‌ఓ (ఎన్నారైల బ్యాంకు ఖాతా) డిపాజిట్ వడ్డీ మర్చిపోకు. జులైకి ముందు వచ్చింది ఇల్లినాయ్‌కి, తర్వాత వచ్చింది న్యూజెర్సీకి. ఇండియాలో కోసిన టీడీఎస్‌కి న్యూజెర్సీ క్రెడిట్ ఇవ్వదు. ఆ ఊరట ఫెడరల్‌లోనే.

ఇల్లినాయ్ తేలిక: ఐఎల్-1040, దాంతో ఏడాదిలో కొంతకాలమే ఉన్నవాళ్లు జతచేసే షెడ్యూల్ ఎన్‌ఆర్, రేటు 4.95 శాతం. జులై తర్వాత కూడా పేరోల్ వాళ్లు ఇల్లినాయ్‌కి కోసి ఉంటే డబ్ల్యూ-2సీ (దిద్దిన డబ్ల్యూ-2) అడుగు. ఒక స్టేట్ ఆ డబ్బుని ఇంకో స్టేట్‌కి పంపదు. ఇల్లినాయ్ నుంచి నువ్వే రిఫండ్ తెచ్చుకోవాలి, న్యూయార్క్‌కి నువ్వే కట్టాలి.

మూడిటికీ గడువు ఏప్రిల్ 15. అందకపోతే న్యూయార్క్‌కి ఐటీ-370 (గడువు పొడిగించమని అడిగే ఫారం) విడిగా వెయ్యాలి. ఎక్స్‌టెన్షన్ కాగితాలకే, డబ్బుకి కాదు. బాకీ ఉంటే ఏప్రిల్‌లోనే కట్టెయ్యి.

ఎప్పుడు మారావో చూపడానికి రెండిళ్ల లీజులూ, మూవర్స్ బిల్లూ దాచిపెట్టు. జూన్ 30 పేస్లిప్ ఇవాళే దింపుకో. కంపెనీ మారితే పోర్టల్ లాగిన్ పోతుంది.

పెదనాన్న