కసిం కుండ ఈ ఆదివారమే పెట్టు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

సెలవుల్లో పిల్లలిద్దరినీ డ్రాయింగ్ క్లాసులో చేర్పించనా అని ఫోన్‌లో అడిగావు కదా. ఈ ఒక్క వేసవికీ వద్దమ్మా. రోజుకో బొమ్మ చూసి దించే బదులు, సెలవులన్నీ పట్టే పని ఒకటి పెట్టుకోండి. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ టీచరుగా చేసి చెబుతున్నాను, పిల్లలకు ఓపిక లేదనేది అబద్ధం. ఎదురుచూడటానికి ఏదైనా ఉంటే వాళ్లకున్నంత ఓపిక మనకు ఉండదు.

శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతలు చూశావు కదా, వాటిని కసింతో గీస్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు ఊరబెడితే వచ్చే సిరా అది. నీకు చిన్న మట్టి ముంత చాలు. గుప్పెడు తుప్పు మేకులు, ఓ బెల్లం ముక్క, మేకులు బాగా మునిగేన్ని నీళ్లు. మేకులు మాత్రం నువ్వే వెయ్యి, పిల్లల చేతికి ఇవ్వకు. మూతికి పల్చటి గుడ్డ కట్టు చాలు, బిగించి మూత పెట్టకు, లోపల పులుస్తుంది. వాసన వస్తుంది కాబట్టి బాల్కనీలో ఓ మూల ఉంచు. నురగ వచ్చిందా, రంగు మారిందా అని పెద్దవాణ్ణి రోజూ చూసి నోటుబుక్కులో చిన్న బొమ్మ వెయ్యమను.

ముంత ఊరుతుండగా గుడ్డ సిద్ధం చెయ్యి. గంజి పోయేలా ఉతికిన తెల్ల నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరెయ్యాలి. పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టే సిరా పాకకుండా గీత గీతలా నిలుస్తుంది. వెదురు పుల్ల మొన చెక్కి, అంగుళం పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో కట్టు. అదే కలం. కసింలో ముంచి, ఆ ఉన్ని చుట్టను మెల్లగా నొక్కుతూ గీస్తే సిరా మొనకు దిగుతుంది. గీత మొదట వెలిసినట్టు ఉంటుంది. చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి చేసే పని అది. నా క్లాసులో ఆ క్షణం పిల్లలు అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

చిన్నదానికి ఇంత పని వద్దు. పసుపు నీళ్లతో కాగితమంతా పూసి ఆరాక, వంట సోడా కలిపిన నీళ్లలో కుంచె ముంచి ఇవ్వు. కుంచె తగిలిన చోటల్లా ఎర్రబడుతుంది. సున్నం వేస్తే ఇంకా బాగా వస్తుంది కానీ కళ్లలో పడితే ప్రమాదం, దాని జోలికి పోకండి.

ఈ మూడు వారాలూ చూసి గియ్యడం నేర్పు. కలంకారీ వాళ్లు ముందు చింతపుల్లల బొగ్గుతోనే గీసుకుంటారు, మీరూ అదే వాడండి. చెట్టు గియ్యమంటే పిల్లలు గోధుమరంగు కర్ర మీద పచ్చటి మబ్బు వేస్తారు. మీ వీధి చివర వేపచెట్టు కిందికి తీసుకెళ్లు. ఒక్క ఆకు పెద్దవాడి అరచేతిలో పెట్టి, నడిమి ఈనెకు ఏ వైపు వెడల్పుగా ఉందో అడుగు. రెండు వైపులూ సమానంగా ఉండవు, కొడవలిలా వంగి అంచు రంపంలా ఉంటుంది. అది కనిపెట్టాక వాడు మబ్బు వెయ్యడు.

వాళ్ల బొమ్మ మీద నీ చెయ్యి మాత్రం పెట్టకు. ఓసారి పోటీకని ఒక పాప వాళ్ల నాయనమ్మ బొమ్మ గీసింది. చేతులు మరీ పెద్దగా ఉన్నాయని నేనే రబ్బరుతో చెరిపి సరిచేశాను. బహుమతి వచ్చింది. ఆ పిల్ల బొమ్మను ఇంటికి తీసుకెళ్లలేదు. అప్పటి నుంచి నాకు మళ్లీ ఏ బొమ్మా చూపించలేదు కూడా. ఆ తప్పు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కరక్కాయలు అక్కడ దొరకకపోతే వెతుక్కోకు. పావు కిలో దంచి, మీ బాబాయి చేత బస్సులో పంపిస్తున్నాను. నువ్వు మేకులు పోగెయ్యి.

మీ పెద్దమ్మ