బ్లైనావన్‌కి వెళ్తే పైపైన చూసి రాకండి, బొగ్గు బాయి దిగండి

బ్రిటన్‌లోని వేల్స్‌లో కార్డిఫ్ చూశాక ఒక రోజు మిగులుతుంది, బ్లైనావన్ అనే పాత బొగ్గు ఊరికి అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా, అక్కడ చూడ్డానికి ఏముంది అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి. మా నాన్న సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనతో కలిసి వెళ్లొచ్చాను కాబట్టి నమ్మకంగా చెప్తున్నాను.

అసలు చూడాల్సింది బిగ్ పిట్ అనే బొగ్గు గని. 1980లో మూతపడిన ఈ గని 1983 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. కేజ్‌లో, అంటే గని లిఫ్టులో, 90 మీటర్ల కిందికి దించుతారు. మంటపట్టే మీథేన్ వాయువు భయం ఉన్న గని కాబట్టి ఫోను, వాచీ, అగ్గిపెట్టె, బ్యాటరీ ఉన్న కారు తాళం అన్నీ పైనే ఇచ్చేయాలి. హెల్మెట్, టోపీ లైటు, నడుముకి బ్యాటరీ, ప్రమాదంలో విషవాయువు నుంచి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్ ఇస్తారు. మేమంతా బెల్టుతో తంటాలు పడుతుంటే నాన్న కిందికి చూడకుండానే బకిల్ బిగించి, బ్యాటరీని తుంటి మీదికి జరుపుకున్నారు. గైడు అది కనిపెట్టి "మీరు ఎక్కడ చేశారు?" అని అడిగాడు. ఇక ఆ టూరంతా వాళ్లిద్దరిదే. గైడు చేతికర్రతో గని పైకప్పు మీద తట్టి, గట్టి రాయి చప్పుడు ఎలా ఉంటుందో, వదులైనది ఎలా ఉంటుందో వినిపించాడు. నాన్న మాకంటే ముందే తలూపారు.

అక్కడి గైడుల్లో చాలామంది ఒకప్పుడు గనుల్లో పనిచేసినవాళ్లే. అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను. గనులు మూయొద్దని బ్రిటన్ గని కార్మికులు చేసిన 1984-85 సమ్మె ఓడిపోయాక వేల్స్ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. హిర్వాన్ అనే ఊరి దగ్గర టవర్ అనే గనిని 1994లో మూసేస్తే, కార్మికులే తమకొచ్చిన పరిహారం డబ్బులు పోగేసి కొనుక్కుని 2008 దాకా నడిపారు. అదీ పోయింది. ఈ పని చేతులతో చేసి చెప్పగలిగేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

కింద ఒకచోట లైట్లన్నీ ఆర్పిస్తారు. గనిలో గాలి దారి తప్పకుండా మూసి ఉంచే తలుపుల దగ్గర అలాంటి చీకట్లో చిన్నపిల్లలు గంటల తరబడి కూర్చునేవారు, బండి వస్తే తలుపు తీయడానికి. ఆడవాళ్లనీ, పదేళ్లలోపు మగపిల్లల్నీ బాయి దింపకూడదని 1842లో చట్టం వచ్చింది. ఆ తలుపు పక్కన నిలబడి వింటే కడుపులో దేవినట్టయింది నాకు.

ఇనుము ఫ్యాక్టరీ ఊళ్లోనే ఉంది, 1789 నాటిది. కొలుముల్ని కొండవాలుకి ఆనించి కట్టారు, ముడిసరుకు పైనుంచే పోయడానికి వీలుగా. 1839 నాటి రాతి టవర్ దగ్గర కాసేపు ఆగండి. ఒకవైపు తొట్టిలో నీళ్లు నింపితే ఆ బరువుకి అది దిగుతుంది, రెండోవైపు ఇనుము బండి పైకి లేస్తుంది. అంతే యంత్రం! ఫాస్ఫరస్ ఉన్న ముడి ఇనుము నుంచి మంచి ఉక్కు తీసే పద్ధతిని సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్, పెర్సీ గిల్‌క్రిస్ట్ అనే కజిన్లు 1870ల చివర్లో ఈ ఊళ్లోనే పరీక్షించారు. దాని లాభం ఎక్కువగా జర్మనీ లాంటి దేశాలకే దక్కింది.

ఊళ్లోని వర్క్‌మెన్స్ హాల్, అంటే కార్మికుల సమావేశ భవనం, వాళ్లే చందాలేసుకుని 1890ల్లో కట్టుకున్నది. బయటినుంచైనా చూడండి.

ఊరికి రైలు లేదు. న్యూపోర్ట్ దాకా రైల్లో వెళ్లి బస్సెక్కాలి, కారైతే కార్డిఫ్ నుంచి గంట పడుతుంది. ఎండాకాలమైనా స్వెట్టర్, గట్టి బూట్లు ఉండాలి. కింద కొన్నిచోట్ల వంగి నడవాలి, నేల ఎగుడుదిగుడు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే పైనే ఉండనివ్వండి, కార్మికుల స్నానాల గదులూ, ప్రదర్శనలూ పైనే ఉన్నాయి, విసుగు రాదు. మీటరు ఎత్తు లేని పిల్లల్ని కిందికి పంపరు. సెలవుల్లో రద్దీ ఎక్కువ, పొద్దున్నే చేరుకోండి.