టెక్ సందేహాలు: టీజీ అంటే ఇక్కడ తెలంగాణ కాదు

ప్రశ్న: అమీర్‌పేటలో పైథాన్ కోర్సు చేశాను. ఇన్‌స్టిట్యూట్‌లో ఇచ్చిన జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే టూల్) ప్రాజెక్ట్ జిప్ ఫైల్ మీదే మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వసూళ్ల సైట్ కట్టాను. సెట్టింగ్స్‌లో భాష 'ఈఎన్-యూఎస్' అని ఉంటే, తెలుగు కోసం 'టీజీ' పెట్టాను. అప్పట్నుంచి అడ్మిన్ పేజీలో రష్యన్‌లాంటి అక్షరాలు వస్తున్నాయి. సైట్ హ్యాక్ అయిందా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: హ్యాక్ కాలేదండీ. మీరు తజిక్‌లో మాట్లాడమన్నారు, అది మాట్లాడుతోంది. 2024 నుంచి మన బండ్ల నంబర్ ప్లేట్ల మీద టీజీ అంటే తెలంగాణే. ఐఎస్‌ఓ 639 భాషల పట్టికలో మాత్రం అది తజికిస్థాన్ వాళ్ల భాష, రాసేది సిరిలిక్ లిపిలో. పాత ప్లేట్ల మీది టీఎస్ అయితే దక్షిణాఫ్రికాలోని సోంగా భాష. టీఎల్ అని కొట్టి ఫిలిప్పీన్స్ వాళ్ల తగాలోగ్‌లో తేలేవాళ్లూ ఉన్నారు. తెలుగుకి 'టీఈ'. అది పెట్టినా అడ్మిన్‌లో కొన్ని మాటలు ఇంగ్లీషులోనే మిగులుతాయి, అనువాదం అంతవరకే జరిగింది.

సైట్ పేజీలన్నిటికీ అచ్చులాంటి బేస్ టెంప్లేట్ కూడా తెరవండి. పైన హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో 'ఈఎన్' అనే ఉంటుంది, పందెం. చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్ ఆ రెండక్షరాలు నమ్మి ఇంగ్లీషు గొంతు ఎత్తుకుంటుంది. తీరా 'బకాయి' దగ్గరకొచ్చి నీళ్లు నములుతుంది.

ప్రాజెక్ట్ వండి వడ్డించే ఈ టూల్స్ మీద నాకు ఎప్పట్నుంచో కోపం. ప్రాజెక్ట్ పేరు అడుగుతాయి గానీ, ఏ భాషవాళ్ల కోసం కడుతున్నావని ఒక్క ముక్క అడగవు. టైమ్ జోన్ యూటీసీ (మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనక) అని రాసేసి చేతులు దులుపుకుంటాయి. దాన్ని 'ఆసియా/కోల్‌కతా' చేయకపోతే, అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున ఐదున్నరలోపు కట్టిన డబ్బుకి రసీదు మీద నిన్నటి తేదీ పడుతుంది. ఆ గొడవ తీర్చలేక మీ సెక్రటరీ చేతులెత్తేస్తారు.

అసలు భయపడాల్సింది ఆ జిప్ గురించి. సెట్టింగ్స్ ఫైల్‌లో సీక్రెట్ కీ చూడండి. మొదట్లోనే 'ఇన్‌సెక్యూర్' అన్న మాట ఉంటుంది. టూల్ కొత్త ప్రాజెక్టుకి ప్రతిసారీ కొత్త కీ పుట్టిస్తుంది, ఆ మాట రాసి హెచ్చరిస్తుంది కూడా. కానీ ఎవరో ఒకసారి పుట్టించి జిప్ చేసి బ్యాచ్ మొత్తానికి పంచితే? మీ ఇంటి తాళంచెవి మీ బెంచీ మీద కూర్చున్న అందరి దగ్గరా ఉన్నట్టే. పాస్‌వర్డ్ రీసెట్ లింకులకు ముద్ర పడేది ఆ కీతోనే. దానికి తోడు, కోడ్ రాసేటప్పుడు తప్పులు పట్టుకోవడానికి వాడే డీబగ్ సెట్టింగ్‌ని 'ట్రూ' అని వదిలేసి సర్వర్‌కి ఎక్కించారా, తప్పు వచ్చిన ప్రతి పేజీ మీ కోడ్ లైన్లు, ఫోల్డర్ల దారులు దారిన పోయేవాడికి చదివి వినిపిస్తుంది.

డీబగ్ ఈ రాత్రికే ఆపేయండి. కొత్త కీ పుట్టించి, కోడ్‌లో కాకుండా సర్వర్ ఎన్విరాన్‌మెంట్‌లో (కోడ్ ఫైళ్లకి బయట, సర్వర్ సెట్టింగ్స్‌లో) పెట్టండి. కీ మార్చగానే లాగిన్ అయి ఉన్నవాళ్లంతా బయటికొచ్చేస్తారు. వాట్సాప్ గ్రూపులో ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే ఈసారి 'హ్యాక్ అయింది' అని మీకు ఫోన్లొస్తాయి.