కొండచిలువ పిల్లా, రక్తపింజరా?

పరకాల దగ్గర పత్తి చేన్లో దొరికిన మచ్చల పాము కొండచిలువ పిల్లేనా, పెంచుకోవచ్చా అని ఫొటో పంపి అడిగారు. ముందు వీపు చూడండి, అదీ దూరం నుంచే. రక్తపింజరకు నల్ల అంచున్న గుడ్డు ఆకారపు మచ్చలు గొలుసు అల్లినట్టు మూడు వరుసల్లో ఉంటాయి. కొండచిలువ మచ్చలకు ఆ వరుస ఉండదు, బొంతకేసిన అతుకుల్లా ఒక్కోటి ఒక్కో తీరు. ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది, తల మీద బాణం మొనలాంటి గుర్తు ఉంటుంది. రక్తపింజర పొలుసులు గరుకు. కదిలిస్తే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది.

అసలు తికమక పెట్టేది సాండ్ బోవా అనే ఇంకో పాము. దాని పొలుసులూ గరుకే, మచ్చలూ ముదురే. కాకపోతే అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వంకరటింకరగా సాగుతాయి, తోక మరీ పొట్టి. విషం లేదు. రెండు తలల పాము దీని చుట్టమే. అది లక్షలు పలుకుతుందనేది ఉత్త మోసగాళ్ల మాట.

పెంపకం సంగతి మాత్రం మర్చిపోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కొండచిలువ మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, ఇంట్లో పెట్టుకుంటే కేసే. మసక ఫొటో చూసి నేను తేల్చలేను గానీ, చేత్తో పట్టకుండా ఫారెస్టోళ్లకు ఫోన్ చేయండి.