మామగారిని వేట మానమనకండి, మంచె మార్చమనండి

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక విస్కాన్సిన్‌లో ఉంటున్నాం, మావారు అమెరికన్. మామగారికి 72 ఏళ్లు. వాళ్ల తాతల నాటి 80 ఎకరాల్లో కొంత పొలం, మిగతాది అడవి. ఏటా తండ్రీకొడుకులు అక్కడ విల్లుతో జింకల వేటకు వెళ్తారు. పోయిన నవంబర్‌లో మామగారు చెట్టు మీది మంచె దిగుతూ నిచ్చెన మీంచి జారి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నారు. ఈ ఏడు ఎక్కొద్దని మావారు గట్టిగా అనేసరికి మాటా మాటా పెరిగి, ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. సెప్టెంబర్ మధ్యలో సీజన్ మొదలవుతుంది. నేను శాకాహారిని, వేటంటే నాకు గిట్టదు. అయినా కల్పించుకోవచ్చా?

జవాబు: కల్పించుకోండమ్మా. కాకపోతే ఇద్దరి మధ్య కబుర్లు మోసే పని మాత్రం పెట్టుకోకండి, ఆ పని చేసిన కోడలు చివరికి ఇద్దరికీ చేదవుతుంది.

వేటంటే గిట్టకపోవడం తప్పేం కాదు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింకను కొడితే జైలే, మనం ఆ భావంతోనే పెరిగాం. అక్కడ లైసెన్సు, సీజను, ఎన్ని కొట్టొచ్చన్న లెక్క అన్నీ రాష్ట్ర ప్రభుత్వమే పెడుతుంది. మీకు నచ్చక్కర్లేదు గానీ, ఈ గొడవలో మీ అయిష్టాన్ని కలపకండి. కలిపితే మామగారికి మీ ఆయన మాట కూడా మీ మాటలాగే వినిపిస్తుంది.

ఇక అసలు సంగతి. విల్లుతో వేటంటే జింక ఇరవై ముప్పై గజాల దగ్గరికి రావాలి, అందుకోసం తెల్లారకముందే చీకట్లో నడిచి వెళ్లి, గాలి ఎటు వీస్తుందో చూసుకుని, గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. ఆ గాలి లెక్క, జింకలు నడిచే దారి, ఏ చెట్టు దగ్గర కాపు కాయాలన్నది అన్నీ మీ ఆయనకు నేర్పింది బహుశా ఆ తండ్రే. అలాంటి మనిషిని కొడుకు 'నువ్వు ఎక్కొద్దు' అంటే ఆయనకు వినిపించింది నిచ్చెన సంగతి కాదు, 'నీ పని అయిపోయింది' అన్న మాట. మన ఊళ్లో జీవితమంతా సేద్యం చేసిన పెద్దాయన్ని 'ఇక పొలానికి రాకు నాన్నా' అంటే ఎలా ఉంటుందో అలాగే.

అలాగని మీ ఆయన భయం తప్పు కాదు, నేను పూర్తిగా ఆయన పక్షమే. మంచెల మీంచి పడేవాళ్లలో చాలామంది ఎక్కుతూనో దిగుతూనో పడతారు, చలికి చేతులు మొద్దుబారి ఉంటాయి, మెట్ల మీద మంచు పేరుకుని ఉంటుంది. 72 ఏళ్ల ఎముకలకు రెండోసారి అదృష్టం ఉంటుందనుకోకూడదు.

కాబట్టి అడగాల్సింది 'మానెయ్' అని కాదు. నేల మీద వేసుకునే డేరాలు ఉంటాయి, బ్లైండ్ అంటారు, మీ ఆయనకు బాగా తెలుసు. అందులో రెండు కుర్చీలు పడతాయి. మంచె మీద ఎవరి చెట్టు వాళ్లది, డేరాలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు, నాకు దీనిలో నచ్చింది అదే. ముందుగానే వేసి ఉంచితే జింకలు దానికి అలవాటు పడతాయి. అందుకే మీ ఆయన ఫోన్లో కాకుండా ఈ శనివారమే స్వయంగా వెళ్లి, 'నాన్నా, డేరా ఎక్కడ వేద్దాం? నవంబర్ మొదట్లో గాలి ఎక్కువగా ఎటు ఉంటుంది?' అని అడగాలి. నవంబర్ అనడానికి కారణం ఉంది, జింకలు జతకట్టే కాలం అది, పాత వేటగాళ్లు ఏడాదంతా ఎదురుచూసేది ఆ రోజుల కోసమే. సీజన్ జనవరి మొదట్లో దాకా ఉంటుంది కాబట్టి మొదటి రోజు గురించి టెన్షన్ పడొద్దు.

పక్కటెముకల నొప్పితో విల్లు లాగలేకపోతే క్రాస్‌బో ఉంది, అంటే తాడు ముందే బిగించి ఉంచి మీట నొక్కితే బాణం వదిలే విల్లు, 2014 నుంచి విస్కాన్సిన్‌లో ఏ వయసువాళ్లయినా వాడొచ్చు. కానీ ఆ మాట మీరు ముందుగా ఎత్తకండి, కొందరు పాతకాలం విలుకాళ్లకు అది అవమానంగా తోస్తుంది. ఆయన నోటి నుంచే రానివ్వండి.

డేరాకూ ఒప్పుకోకపోతే? మంచెలు పీకేయడం, నిచ్చెన దాచేయడం లాంటివి వద్దు. స్థలం ఆయనది, బుద్ధి నిక్షేపంగా ఉంది. అప్పుడు ఒక్కటే షరతు: ఒళ్లంతా పట్టే హార్నెస్ (జారినా కింద పడకుండా పట్టి ఉంచే పట్టీల తొడుగు), నేల నుంచి మంచె పై దాకా కట్టిన తాడు, కాలు నేల వదిలిన క్షణం నుంచి హార్నెస్ ఆ తాడుకు తగిలించి ఉండాలి. వట్టి నడుము బెల్టు చాలదు. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కకుండా పైన కూర్చున్నాక తాడుతో లాక్కోవాలి. ఎండకూ వానకూ చివికిన మంచె పట్టీలను మీ ఆయనే ముందుగా మార్చేయాలి. ఫోను సంచిలో కాదు, జేబులో ఉండాలి. కళ్లు తిరగడం, రక్తం పలచబడే మందులు లాంటివి ఉంటే డాక్టరు మాట కూడా కావాలి, ఆ అపాయింట్‌మెంట్ మీరు తీసుకోవచ్చు, కోడలిగా అది మీకు తగిన పనే.

మాంసం సంగతి మీరు అడగలేదు గానీ చెప్తాను. మీరు వండక్కర్లేదు, గరాజ్‌లో వేరే ఫ్రిజ్ పెట్టించుకోండి. ఒక్కటి మాత్రం పట్టుబట్టండి. అక్కడి జింకల్లో మెదడును తినేసే సీడబ్ల్యూడీ అనే జబ్బు 2002లోనే బయటపడింది, కొట్టిన జింకకు ఆ జబ్బు లేదని పరీక్షలో తేలేదాకా ఇంట్లో ఎవరూ ఆ మాంసం తినకూడదు.