తీగల్లోకి దిగుతానంటున్న మా మేనకోడలికి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. టురిన్‌లో బంగారంలాంటి ఉద్యోగం మానేసి మొగుడూ పెళ్లాం కలిసి కొండ మీద ద్రాక్షతోట కొంటారట, మందు చుక్క కొట్టకుండా ఆర్గానిక్ వైన్ చేస్తారట, ఇదంతా నిన్ను చూసే కదమ్మా అని నా మీద ఒక నింద కూడా వేసింది. మీ మామయ్యకి చెప్తే నవ్వి, సీసా ఒకటి తెరిచి, గ్లాసు నా ముందు పెట్టి పోయి పడుకున్నాడు. నాకే తెల్లారేదాకా నిద్ర లేదు. గర్వంగా లేదని అబద్ధం చెప్పను. కానీ గంటన్నర దూరంలో ఉన్న మేనత్తకి చెప్పకుండా ఫిరంగిపురానికి ముందు చెప్పావు చూడు, ఆ కోపం పోవడానికి నాకు నాలుగు రోజులు పడుతుంది. ఆలోపు ఇది చదువు.

ముందు ఆ "మందు చుక్క కొట్టకుండా" సంగతి. మీ అమ్మ అలా అనుకుంటే పర్వాలేదు, నువ్వు కూడా అనుకుంటుంటే మాత్రం అడ్వాన్సు వెనక్కి అడుగు. ఆర్గానిక్ వాళ్లం మామూలు రైతుల కంటే ఎక్కువసార్లే కొడతాం. మన చేతిలో ముఖ్యంగా ఉన్నవి రెండు, బూజు తెగులుకి రాగి, బూడిద తెగులుకి గంధకం. రెండూ ఆకు మీద పైపైన ఉండేవే, లోపలికి ఎక్కవు, గట్టి వాన పడితే కడుక్కుపోతాయి. ఇక్కడ వెర్దెరామె అంటారు గానీ అది మన మైలుతుత్తమే, సున్నంతో కలిపితే బోర్డో మిశ్రమం, మన వైపు తమలపాకు తోటలకి వాడేది. ఇటలీ వచ్చి మళ్లీ దాన్నే కలుపుకుంటానని నేను కలలో కూడా అనుకోలేదు.

కొనేముందు చూసుకోవాల్సినవి అందరూ చెప్తారు, నేను గబగబా చెప్పేస్తాను. పక్క చేను సాగు చేసుకునే రైతుకి ఆ భూమి ముందు కొనే హక్కు ఉంటుంది, ఆయనకి పద్ధతిగా నోటీసు ఇవ్వకుండా రిజిస్ట్రేషన్ చేసుకుంటే తర్వాత వచ్చి లాక్కోగలడు. కొత్తగా తీగ నాటాలంటే అనుమతి కావాలి, భూమి నీదే కదా అని నాటేయడానికి లేదు. వాలు దక్షిణానికి ఉండాలి, అలాంటి వాలుని ఇక్కడ సోరీ అంటారు. 550 మీటర్ల ఎత్తులో నెబ్బియోలో ద్రాక్ష జోలికి పోవద్దు, అది పండేసరికి చలి వచ్చేస్తుంది. దోల్చెత్తో ముందే పండుతుంది, అదే పెట్టుకోండి. అల్లుడికి నురుగు వైన్ మీద మోజు ఉందట. దానికి ఇక్కడి కొండల పేరు, ఆల్తా లాంగా అని పెట్టుకోవాలంటే పీనో నేరో, షార్దొనే ద్రాక్షే కావాలి, పైగా కనీసం 30 నెలలు ఆగాలి, అన్నాళ్లూ డబ్బు సీసాల్లోనే ఇరుక్కుపోతుంది. ఆర్గానిక్ సర్టిఫికెట్‌కి కూడా 3 ఏళ్లు పడుతుంది, ఆ మూడేళ్లూ ఖర్చు ఆర్గానిక్‌ది, రేటు మామూలుది. అందుకని ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానొద్దు. ఎవరు మానాలో మీరు కొట్టుకు చావండి.

ఇక ట్రాక్టర్. సీటు వెనక ఇనప కమాను ఒకటి ఉంటుంది, రోల్ బార్. ట్రాక్టర్ బోల్తా పడితే మనిషి నలిగిపోకుండా కాపాడేది అదీ, సీటు బెల్టూ. కొమ్మలకి అడ్డం వస్తోందని దాన్ని వెనక్కి మడిచేస్తారు. మా కింది వాలులో ఒకాయన, పేరు రాయను, హేజల్‌నట్ చెట్ల కింద దూరడానికి మడిచి, బయటికొచ్చాక ఎత్తడం మర్చిపోయాడు. తడి గడ్డి మీద చక్రం జారింది. నేను నర్సునని ముందు నా దగ్గరికే పరిగెత్తుకొచ్చారు. నేను వెళ్లేసరికి చేయడానికి ఏమీ లేదు, ఇంజిన్ మాత్రం ఇంకా ఆడుతోంది, దాన్ని ఎవరూ ఆపలేదు. అల్లుడికి చెప్పు, ఆ కమాను మడిచాడని తెలిస్తే ఆ రోజు నుంచి నేను మీ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగను.

ఇప్పుడు నీకు ఎవరూ చెప్పనిది, మీ నాన్నకి కూడా తెలియనిది చెప్తాను.

2008 మే నెల. మేం ఆర్గానిక్‌లోకి మారి రెండో ఏడాది. ఆ వసంతమంతా వానలే. మా మామగారు పెద్దగా చదువుకోలేదు గానీ ఇక్కడి రైతులందరికీ నోటికొచ్చిన మూడు పదుల లెక్క ఆయనకీ వచ్చు. చిగురు 10 సెంటీమీటర్లు సాగి, వేడి 10 డిగ్రీలకి తగ్గకుండా ఉండి, ఒకటి రెండు రోజుల్లో 10 మిల్లీమీటర్ల వాన పడితే బూజు తెగులు మేలుకున్నట్టే. ఆ లెక్క ఏప్రిల్‌లోనే నిండిపోయింది. పూత రాబోతోంది. శుక్రవారం సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది, మరీన్ అంటారు దాన్ని, చెమ్మ మోసుకొస్తుంది. మామగారు వాకిట్లో నిలబడి, రేపు పొద్దున్నే కొట్టాలి, మధ్యాహ్నం దాటితే కుదరదు అన్నారు.

మర్నాడు పొద్దున్న మీ నాన్న మిలాన్‌లో దిగుతున్నాడు. మొదటిసారి విమానం ఎక్కాడు. నేను పెళ్లి చేసుకున్నాక పుట్టింటివాళ్లు ఎవరైనా రావడం అదే మొదలు. అన్నయ్యని విమానాశ్రయం నుంచి నేరుగా సవోనా తీసుకెళ్లి సముద్రం చూపిద్దాం, ఆదివారం వచ్చి కొడదాం అని నేను పట్టుబట్టాను. ట్రాక్టర్ నడిపేది మీ మామయ్య ఒక్కడే, కారు నడిపేదీ అతనే. పెద్దాయన ఇంకో మాట అనలేదు.

అన్నయ్య మీద ప్రేమతో అలా చేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అదొక్కటే కాదు చిన్నీ. ఊళ్లో అందరికీ మాకు ఎస్టేట్ ఉందని చెప్పుకున్నాను. ఎస్టేట్ అంటే మన వాళ్లు ఏం ఊహించుకున్నారో నాకు తెలుసు, ఆ ఊహని నేను చెరపలేదు. మీ నాన్న దిగేసరికి నేను నీలం మరకల పాత చొక్కా వేసుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, డ్రమ్ములో మైలుతుత్తం కలుపుతూ కనపడితే? ఇందుకా ఇంత దూరం పోయింది అనుకోడా? సిగ్గేసింది. నిజం అదీ.

సముద్రం దగ్గర మీ నాన్న ప్యాంటు మడుచుకుని నీళ్లలో నిలబడ్డ ఫోటో మీ ఇంట్లో టీవీ పైన ఉంది చూడు, ఆ రోజుదే. ఆ రాత్రి మొదలైన వాన సోమవారం దాకా ఆగలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు వాలు మీదికి ట్రాక్టర్ ఎక్కలేదు. తొమ్మిదో రోజు ఆకుల మీద నూనె చుక్కల్లాంటి పసుపు మచ్చలు. ఆకు తిప్పితే అడుగున తెల్లటి నూగు, వేలితో రాస్తే అంటుకుంటుంది. పూత గుత్తులు కొక్కేల్లాగా వంకర్లు తిరిగి గోధుమరంగుకి మారాయి. అప్పుడు పిచ్చిపట్టినట్టు రాగి కొట్టాం. రాగి వచ్చిన జబ్బుని తగ్గించదు, రాబోయేదాన్నే ఆపుతుంది. టీకాకీ మందుకీ తేడా నర్సుకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

మీ నాన్న ఉన్న రెండు వారాలూ రోజుకో ఊరు తిప్పాను, ఆ వాలు కనపడకుండా. వెళ్లేముందు కారెక్కుతూ, "ఒక్కసారి కూడా తోటలోకి తీసుకెళ్లలేదేంటే?" అన్నాడు. పత్తి చేలల్లో వీపుకి పంపు కట్టుకుని పెరిగిన మనిషి. మొదటి రోజే విషయం చెప్పుంటే సముద్రమూ వద్దు ఏమీ వద్దని తనే దిగి గొట్టం పట్టుకునేవాడు.

ఆ వాలు మీద మామూలుగా 4 వేల సీసాలు వచ్చేవి. ఆ ఏడాది ఒకటిన్నర దమిజాన వచ్చింది. దమిజాన అంటే 54 లీటర్ల గాజు బుడ్డి. మామగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. వంటింట్లో గోడ క్యాలెండర్ మీద ఏ రోజు ఏ వాలుకి కొట్టారో పెన్సిల్‌తో రాసుకునే అలవాటు ఆయనకి. ఆ శనివారం గడిలో మాత్రం "మారె" అని రాసిపెట్టారు. సముద్రం అని. ఆయన పోయాక ఇల్లు సర్దినప్పుడు అన్నీ పడేశాను, ఆ క్యాలెండర్ పడేయలేదు. వస్తే చూపిస్తాను.

అప్పట్లో హెక్టారుకి ఏడాదికి 6 కిలోల రాగి దాకా వాడనిచ్చేవాళ్లు. ఇప్పుడు 7 ఏళ్లకి కలిపి 28 కిలోలే, అంటే సగటున ఏడాదికి 4. అది లోహం లెక్క, పొడి లెక్క కాదు. మైలుతుత్తంలో రాగి పావు వంతే ఉంటుంది. చెడ్డ ఏడాదిలో అయిదు వాడినా పర్వాలేదు, మంచి ఏడాదిలో రెండుతో సరిపెట్టు, నోట్‌బుక్ వంటింట్లోనే పెట్టుకో.

ఇంకా ఏమున్నాయి... ఆకులు తెల్ల ద్రాక్షకి పసుపు, నల్ల ద్రాక్షకి ఎరుపు తిరిగి కిందికి చుట్టుకుపోయి, కొమ్మలు రబ్బరులా మెత్తగా వేలాడే తీగ కనపడితే దాచొద్దు. అది ఫ్లావెషెంజా తెగులు కావచ్చు, చిన్న పురుగు ఒకటి మోసుకొస్తుంది, తేలితే వేర్లతో సహా పీకేయాలి, చట్టమే ఉంది. పురుగుకి పైరెత్రమ్ కొట్టేది పొద్దుగూకాక, పూత రాలాక, తేనెటీగల కోసం. రసం పులిసే రోజుల్లో సెల్లార్‌లోకి ఒక్కదానివే దిగొద్దు, కార్బన్ డయాక్సైడ్ కిందే పేరుకుంటుంది, వాసన రాదు. కొవ్వొత్తి వెలుగుతోంది కదా అని వెళ్లొద్దు, మీటర్ కొనుక్కో. డబ్బు లేకపోతే నేను కొనిస్తాను.

ఆదివారం ఇద్దరూ రండి. పులిహోర చేస్తాను, మీ మామయ్య మురజ్జానో చీజ్ తెస్తానన్నాడు. ఆ తోట పటం, మట్టి పరీక్ష కాగితాలు పట్టుకురా. మామగారి పాత రాగి పంపు నీకు ఇద్దామనుకుంటున్నాను, వాషర్ మార్చాలి, వీపుకి బరువే గానీ ట్రాక్టర్ ఎక్కని రోజు అదే దిక్కు.

మీ అమ్మానాన్నలని వచ్చే మే నెలకి పిలువు. టికెట్లు మేం తీస్తాం. పట్టుబట్టలు, పచ్చళ్లు తర్వాత సంగతి, పాత బట్టలు రెండేసి జతలు తెచ్చుకోమను. మీ నాన్న చెప్పుల సైజు కనుక్కో, బూట్లు ఇక్కడ కొని పెడతాను.

మీ అత్త