పదహారంకెల పేరు

పెదవాల్తేరు, విశాఖపట్నం.

చిరంజీవి సింధుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మొదటి పరిశోధనా వ్యాసం పత్రికకు పంపబోతున్నావని, మాఘంలో పెళ్లి ముహూర్తం కూడా కుదిరిందని మీ అమ్మ ఒకే ఫోనులో చెప్పింది. రెండూ సంతోషించవలసిన వార్తలే అయినా, కలిపి వినేసరికి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వ్యాసం పంపకముందే ఆర్కిడ్ నంబరు తీసుకో. పలకడానికి పువ్వు పేరులా ఉన్నా, అది పరిశోధకులను గుర్తించే పదహారంకెల సంఖ్య. లాభాపేక్ష లేని ఒక సంస్థ 2012 అక్టోబరు నుంచి దాన్ని ఉచితంగా ఇస్తోంది. నమోదుకు కొద్ది నిమిషాలు చాలు. చివరి స్థానంలో ఎక్స్ అనే అక్షరం వస్తే పొరపాటనుకోకు. ముందున్న పదిహేను అంకెలను లెక్కకట్టి వేసే సరిచూపు గుర్తు అది, పది వచ్చిన చోట ఎక్స్ వేస్తారు.

ఇక నిద్ర పట్టని కారణం చెబుతాను. విశాఖ తీరపు ప్లవకాల (నీటిలో తేలాడే చిన్న జీవుల) మీద నా మొదటి మూడు వ్యాసాలు పుట్టింటి ఇంటిపేరులోని 'జి'తో అచ్చయ్యాయి. పెళ్లయ్యాక నాలుగోదాని మీద 'వి' అని రాసుకున్నాను. మీ పెదనాన్న ఆ మాట అననే లేదు. అదే మర్యాదని నాకు నేనే నిర్ణయించుకున్నాను. ఆ రోజుల్లో వ్యాసం కావలసినవారు రీప్రింటు, అంటే అచ్చయిన వ్యాసపు విడి ప్రతి, పంపమని కార్డు రాసేవారు. 'జి' పేరిట వచ్చిన కార్డుల మీద మా గుమాస్తా ఎర్రసిరాతో 'ఈ పేరుగలవారు లేరు' అని రాసి, తిప్పి పంపే ఓపిక లేక సొరుగులో పడేసేవాడు. ఆయన బదిలీ అయిన రోజున ఏడు కార్డులు బయటపడ్డాయి. రెండింటి మీద విదేశీ స్టాంపులను ఎవరో నీళ్లతో తడిపి ఊడదీసుకున్నారు కూడా. ఒక కార్డులో, మన ఇద్దరి కొలతలూ పోల్చి చూద్దామా అని ఎవరో అడిగారు. అప్పటికి రెండేళ్లు గడిచిపోయాయి. జవాబు రాశాను గాని, మళ్లీ ఉత్తరం రాలేదు.

తరువాత పదోన్నతి ఇంటర్వ్యూలో రెండు రీప్రింట్లు పక్కపక్కన పెట్టి, "ఈ జి ఎవరమ్మా?" అని అడిగారు. నేను సంచిలోంచి మా పెళ్లి శుభలేఖ తీసి చూపించాను. పసుపు అంటిన ఆ శుభలేఖను చూసి ఒకాయన నవ్వాడు. ఇద్దరూ ఒకరేనని నోటరీ చేయించిన స్టాంపు కాగితం తెమ్మన్నారు. అది చేతికొచ్చేసరికి ఆ విడత ముగిసింది.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకుంటావో లేదో నీ ఇష్టం, నేనేమీ అనను (అనాలనే ఉంది). మార్చుకున్నా ఆ నంబరు మారదు. పాత పేరును, పొడి అక్షరాల పేరును కూడా ఆ ఖాతాలోనే ఇతర పేర్లుగా చేర్చుకోవచ్చు. మన ఇంటిపేరు ముందుంటుంది, ప్రచురణకర్తలు చివరి మాటనే ఇంటిపేరనుకుంటారు, దానితో మనవాళ్ల పేర్లు తలకిందులవుతుంటాయి. పరిశోధనా వ్యాసాల సూచీ అయిన స్కోపస్ తనంతట తానే రచయితలకు సంఖ్యలు వేస్తుంది గనుక, ఒకే మనిషి అక్కడ ఇద్దరుగా చీలిపోవడం కొత్తేమీ కాదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: విశ్వవిద్యాలయం మెయిల్ ఒక్కదానితోనే ఖాతా తెరవకు. నేను అలాగే తెరిచాను. పదవీ విరమణ తరువాత ఆ మెయిల్ మూసేశారు, దానితో పాస్‌వర్డు మార్చుకునే దారీ మూసుకుపోయింది. సొంత మెయిల్‌ను కూడా జతచేయి. "మేమే తెరిచి ఇస్తాం" అని ఆఫీసువాళ్లు అంటే వద్దను. ఆ ఖాతా మీద అధికారం నీది. మరచిపోయి రెండు నంబర్లు తీసుకుంటే కంగారుపడక రెండింటినీ కలపమని అడుగు. వ్యాసం పంపేటప్పుడు ఆర్కిడ్ అడుగుతారు, అక్కడ ఇవ్వు. తరువాత, ప్రచురణకర్తలు వ్యాసాల వివరాలు నమోదుచేసే క్రాస్‌రెఫ్ అనే సంస్థ అనుమతి కోరితే ఒప్పుకో, అచ్చయిన వ్యాసాలు వాటంతటవే నీ ఖాతాలో చేరతాయి. అయితే ఆ నంబరు మంచి పరిశోధనకు ముద్ర కాదు, ఎవరైనా తీసుకోవచ్చు. నీ కొలతలు నువ్వే రెండుసార్లు సరిచూసుకో.

కోప్పడినట్టు రాశానేమో, ఏమీ అనుకోకు. మీ తాతగారు ఉంటే ఆ వ్యాసాన్ని మడిచి జేబులో పెట్టుకుని బీచ్ రోడ్డు పొడవునా కనబడినవారికల్లా చూపించేవారు. నంబరు రాగానే నాకు పంపు. శుభలేఖ అచ్చుకు ఇవ్వకముందే పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ